మైకులో మా నాయన గొంతు

మొన్న వాకాడు నుంచి మా ఊరికి వస్తుంటే, రోడ్డు సముద్రం వైపు తిరిగేచోట పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. అందులో మా తమ్ముడి మనవరాలు పట్టుచీర కట్టుకుని, వడ్డాణం పెట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని నవ్వుతోంది. దాని ఓణీల ఫంక్షన్‌కి అందరూ రావాలని రాసి, కింద ఆహ్వానించే వాళ్ళ ఫొటోలు వరసగా వేశారు. వాళ్ళలో సగం మంది ఎవరో నాకు తెలీదు, నల్లకళ్ళద్దాలు మాత్రం అందరికీ ఉన్నాయి. ఆటో నడుపుతున్నది మా తమ్ముడి కొడుకే, అంటే ఆ పిల్ల తండ్రి. బండి పక్కన ఆపి "ఎట్టుందత్తా?" అని అడిగాడు. నేను కొంగు ముఖం మీదికి లాక్కుని, ఎండగా ఉంది పోనివ్వమన్నాను.

పిల్లకేమీ సిగ్గు లేదు. ఫొటో తనే ఎంచుకుందట, ఫోన్లో ఊరందరికీ తనే పంపిందట. ఫంక్షన్ ఆదివారం, సోమవారం పొద్దున ఎప్పటిలాగే బడి బస్సెక్కుతుంది. అంత తేలిగ్గా ఉంది ఈ కాలపు వ్యవహారం. సిగ్గంతా నాకొచ్చింది. డెబ్బై ఏళ్ళ ముసలిదానికి, పైగా ఫంక్షన్ ఆ పిల్లదైతే, ఇదేం సిగ్గని నన్ను నేనే తిట్టుకున్నాను. తిడితే పోయేదైతే ఎప్పుడో పోయుండేది. పందొమ్మిది వందల అరవైల చివర్లో, నేను ఎనిమిదో తరగతి చదువుతుండగా పట్టుకుంది నన్ను.

మాది సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. అప్పటికి కరెంటు లేదు. మా నాయన మరో ఇద్దరితో కలిసి తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. మా అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని లోపలి రైతుల ఊళ్ళకు పోయి, చేపలిచ్చి వడ్లు కొలిపించుకుని వచ్చేది. మా ఇంట్లో డబ్బు కంటికి కనపడేది తక్కువ. నయాపైసలొచ్చి ఏళ్ళయినా మా అవ్వ అణాల్లోనే బేరమాడేది, పైసలు చిల్లర దేవుళ్ళ బిళ్ళల్లా ఉన్నాయని నమ్మేది కాదు. బియ్యం కిలో రూపాయి దాటిందని విన్నరోజు గుండె మీద చెయ్యేసుకుని ఇంక మనం బతికినట్టేనంది. టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు పావలా. మా ఊరివాళ్ళు బెంచీ కొన్న పాపాన పోలేదు. ఇసకలో కూర్చోడానికి పావలా ఇవ్వడమే దండగ, బెంచీకి ఇంకా పొయ్యాలా అనేవాళ్ళు.

ఇంతలో రొయ్యలకు కాలం కలిసొచ్చింది. అంతకుముందు రొయ్యలంటే ఎండబెట్టి చేటల్లో కొలిచి అమ్ముకునే సరుకు. ఉన్నట్టుండి మద్రాసు నుంచి ఐసు లారీలు రావడం మొదలైంది. రొయ్యను పట్టింది పట్టినట్టే కొనుక్కుని, ఐసులో పెట్టి, పరాయి దేశాలకు పంపిస్తున్నారని చెప్పుకునేవాళ్ళు. కిలోకి రెండు రూపాయలిస్తుంటే మా వాళ్ళకు నవ్వాగేది కాదు. ఆ దేశాల్లో తినడానికి ఇంకేమీ దొరకదు కాబోలని జాలిపడ్డారు కూడా. ఆ రొయ్యల డబ్బుతో మా నాయన టెర్లిన్ చొక్కా కుట్టించుకున్నాడు. ముడతలు పడదని, ఉతికి దులిపితే చాలని చెప్పి అమ్మారట. ఆ చొక్కాను ట్రంకుపెట్టెలో పెట్టి, సినిమాకి పోయేటప్పుడు లుంగీ మీద తొడుక్కునేవాడు.

మా ఊరినుంచి హైస్కూలుకు పోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ బడి మాకు పడమరగా మైలున్నర దూరంలో, రైతుల ఊళ్ళో ఉండేది. అక్కడ ఒక టీచరమ్మ నైలాన్ చీర కట్టుకుని, ఎడమచేతికి చిన్న గడియారం పెట్టుకుని వచ్చేది. పాఠం చెబుతూ మధ్యమధ్య ఆ గడియారం వంక చూసుకునేది. నాకు లోకంలో ఇంకేమీ అక్కర్లేదు, అట్లా ఒకసారి చూసుకుంటే చాలనిపించేది. ఈ సంగతి నాయనకు చెప్పాను. ఆయన ఐసులారీ దగ్గర నిలబడిన వాళ్ళందరికీ "మా పాప టీచరమ్మ అవతాది" అని చెప్పేశాడు. ఆయన నోట్లో ఏదీ దాగేది కాదు. మంచి వార్త అంటే పదిమందికి అరిచి చెప్పేదని ఆయన లెక్క. వేట బాగా పడ్డరోజు తెప్ప ఇంకా అలల అవతల ఉండగానే ఏం పడిందో ఒడ్డుకు కేక వినపడేది.

ఆ ఏడే నేను పెద్దమనిషినయ్యాను. మా ఊళ్ళో అప్పటిదాకా పెద్దమనిషైన పిల్ల ఎవరూ బడికి పోలేదు. అసలు అంతకుముందు పోయిన వాళ్ళుంటే కదా. మా మేనమామ పచ్చి తాటాకులు కొట్టుకొచ్చి ఇంటిపక్కన చిన్న గుడిసె వేశాడు. నీళ్ళు పోసే రోజుదాకా నేను అందులోనే ఉండాలి. మగవాళ్ళెవరూ నా ముఖం చూడకూడదు, కన్నతండ్రైనా సరే. మా అత్తలు పూటపూటా నువ్వుల చిమ్మిలి చేసి తెచ్చి, తినకపోతే నడుం గట్టిపడదని దగ్గర కూర్చుని తినిపించేవాళ్ళు.

గుడిసెలో కూర్చుంటే బయట మాటలన్నీ వినపడేవి. ఇక బడి మాన్పించమని మా అవ్వ మొదలుపెట్టింది. "ఎదిగిన పిల్ల మైలున్నర నడిచిపోతే చూసేవోళ్ళు ఏమనుకుంటారా? రేపెవురు చేసుకుంటారు దాన్ని?" అంది. మా నాయన వల బాగుచేసుకుంటూ, "అది బడికి పోతాది. ఎవురేమనుకున్నా పోతాది. ఇంక ఈ మాట ఎత్తబాక మా" అన్నాడు. ఊరి పెద్దలిద్దరు వచ్చి అదే మాట అడిగితే వాళ్ళకూ అదే జవాబు చెప్పాడు. ఆకుల సందునుంచి ఆయన కాళ్ళు మాత్రం కనపడుతుంటే వాటికి దండం పెట్టుకున్నాను.

అయితే నా భయం అవ్వ కాదు, ఊరి పెద్దలూ కాదు. బడిలో పిల్లకాయలు. అంతకుముందు ఏడు మా పై తరగతిలో రైతుల పిల్ల ఒకతె పెద్దమనిషై, ఫంక్షన్ చేసుకుని తిరిగి బడికొచ్చింది. ఆ సంగతి మగపిల్లలకు ఎట్లా తెలిసిందో తెలిసింది. గోడ మీద బొగ్గుతో రాశారు. ఆమె నడుస్తుంటే వెనకనుంచి దగ్గేవాళ్ళు. వారం తిరక్కుండా ఆ పిల్ల బడి మానేసింది. భూములున్న వాళ్ళ పిల్ల గతే అట్లా అయితే చేపల ఊరి పిల్ల గతేమిటి? అందుకని బడికి జ్వరమని కబురు పంపించమన్నాను. మా ఊళ్ళో జరిగేది మా ఊళ్ళోనే జరిగి, ఆ ఊరిదాకా పాకకపోతే చాలు. తలొంచుకుని పోయి నా బెంచీలో కూర్చుంటాను, ఎవరికీ తెలీదు, నా చదువు సాగుతుంది. ఇదీ నేను తాటాకుల మధ్య కూర్చుని వేసుకున్న ఎత్తు.

ఇంతలో మైకు సెట్టు వస్తోందని మా మేనమామ ఎగురుకుంటూ వచ్చి చెప్పాడు. మా నాయన కోట ఊరిదాకా పోయి మాట్లాడుకొచ్చాడట. రోజుకు పదిహేను రూపాయలు, బ్యాటరీ కూలి వేరే, మైకాయనకు రెండు పూటలా భోజనం. అప్పటిదాకా మా ఊళ్ళో మైకు పెట్టింది తిరనాళ్ళకే. ఆడపిల్ల ఫంక్షన్‌కి పెట్టించడం మా నాయనతోనే మొదలు. అమ్మ అన్నం తెచ్చినప్పుడు నేను మెల్లగా, మైకొద్దని నాయనకు చెప్పమన్నాను.

"ఎందుకొద్దు?" అంది అమ్మ.

"బడిలో తెలిస్తే నవ్వుతారమ్మా."

"బడి యాడుండాది, మనం యాడుండాము? తిను తిను. మీ నాయన ఎన్నాళ్ళకు ముచ్చట పడినాడు, చెడగొట్టబాక" అంది.

ఆ సాయంత్రం నాయనే గుడిసె దగ్గరికి వచ్చాడు. అటు తిరిగి నిలబడి, "పాపా, నీకేం పాటలు కావాల చెప్పు. పెట్టె నిండా ఉండాయంట, ఏపిస్తా" అన్నాడు. ఆయన గొంతులో సంతోషం వింటే వద్దనలేకపోయాను. అయినా ఆడపిల్ల తండ్రితో మాట్లాడే సంగతా అది? ముఖం కనపడితే కళ్ళతోనైనా చెప్పుకునేదాన్నేమో. అడ్డంగా తాటాకులున్నాయి. "నీ ఇష్టం నాయనా" అన్నాను. ఆయన ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

నీళ్ళు పోసే రోజు శుక్రవారం వచ్చింది, బడి ఉండే రోజు. మైకాయన తెల్లారకముందే వచ్చి, తీగలు లాగి, కీ ఇచ్చే గ్రామఫోను పెట్టె మీద రికార్డు పెట్టి ముల్లు ఆనించాడు. మా ఊరి కుర్రాళ్ళు అప్పటికే ఇద్దరు హీరోల పేరు చెప్పుకుని రెండు జట్లుగా చీలి ఉన్నారు. ఒకాయన పాటలు వరసగా రెండు పడితే రెండో జట్టు రికార్డుపెట్టె దగ్గరికి నడిచొచ్చేది. పాపం ఆ మైకాయన తూకం వేసినట్టు దానికొకటి దీనికొకటి వేస్తూ తంటాలు పడ్డాడు. నన్ను కూర్చోబెట్టి నీళ్ళు పోసి, కొత్తచీర కట్టి, కుర్చీలో పెట్టారు. జడకుచ్చులు, సవరం, ఎవరివో గొలుసులు. సినిమా హీరోయిన్‌లా ఉన్నానని మా అత్త బుగ్గ గిల్లింది. పాటలు వింటుంటే, నిజం చెప్పాలంటే, కాసేపు నాకూ బాగానే ఉంది. పాటల వరకైతే ఫరవాలేదు, ఎవరింటి పాటలో ఎవరికి తెలుస్తుందని సర్దుకున్నాను.

మైకు కొమ్మును సరుగుడు చెట్టుకు కట్టారు. మైకాయన దాన్ని ఇళ్ళ వైపుకు పెడితే నాయన ఒప్పుకోలేదు. చెట్టెక్కి తనే పడమటి వైపుకు తిప్పాడు. ఇంక మాటలు కూడా చెప్పెయ్యన్నా అని మైకాయన అడిగితే, "ఇప్పుడు చెప్తే చేపలింటాయి. గాలి తిరగనీ" అన్నాడు. మా ఒడ్డున పొద్దుటి గాలి నేల మీదనుంచి సముద్రంలోకి పోతుంది, తెప్పలు ఆ గాలికి బయల్దేరతాయి. మధ్యాహ్నం దాటాక సముద్రం మీదనుంచి నేల మీదికి తిరుగుతుంది, తెప్పలు ఆ గాలికి ఇంటికొస్తాయి. ఆ గాలి ఎప్పుడు తిరుగుతుందో మా నాయనకు చర్మం చెబుతుంది. ఆయన ఆ మాట అన్నప్పుడు నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం సరుగుడు కొమ్మలు పడమటికి వంగడం మొదలై, ఆయన టెర్లిన్ చొక్కా బొత్తాములు పెట్టుకుని మైకు దగ్గరికి పోతుంటే అర్థమైంది. అప్పటికి కుర్చీలోంచి లేచే వీలు లేదు. ఒడి నిండా పళ్ళూ తమలపాకులూ ఉన్నాయి.

మైకాయన "మెల్లిగా మాట్లాడన్నా, అదే అరస్తాది" అని చెప్పాడు. మా నాయన తలూపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నడిసముద్రంలోంచి ఒడ్డుకు పిలిచినట్టు పిలిచాడు.

"అయ్యా, అందురికీ దండాలు. మా అమ్మణ్ణి పెద్దమనిసైనాది. మీ ఐస్కూల్లోనే ఎనిమిదో క్లాసు. అయ్యవార్లూ, టీచరమ్మా, పిల్లకాయలూ అందురూ వచ్చి దీవించాల. రొయ్యల కూర చేపిచ్చుండా. ఇంకొక తూరి చెప్తుండా, ఇనుకోండి."

ఇంకొకసారి చెప్పాడు. రెండు పాటలకొకసారి లేచి మళ్ళీ చెప్పాడు. బడి వదిలేవేళకు గాలి బాగా బలపడిందని ఇంకా పెద్దగా చెప్పాడు. నేను తల ఎత్తలేదు. చెవులు కాలిపోతున్నాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నన్ను చూసి మురిసిపోయారు. "ఎంత సిగ్గో చూడు పిల్లకు, ముచ్చటగా ఉండాది" అన్నారు. పెద్దమనిషైన పిల్ల సిగ్గుపడాలి, అది అందం, అందరూ చూడ్డానికొచ్చేదే దానికి. నా సిగ్గు ఆ సిగ్గు కాదని ఎవరికి చెప్పను? నాయన చెమటలు కారుతూ నా కుర్చీ దగ్గరికి వచ్చి వంగి, "ఇన్యావా పాపా? బడి దాకా పోయుంటాది" అన్నాడు. తలూపాను.

బడినుంచి ఎవరూ రాలేదు. అయ్యవార్లు చేపల ఊళ్ళో అన్నం తినరని మా అమ్మకు తెలుసు, అవ్వకు తెలుసు, ఊరికే తెలుసు. మా నాయనకూ తెలిసే ఉండాలి. అయినా రొయ్యల కూర ఒక గిన్నెలో వేరేగా తీయించి, మూత పెట్టించి, పొద్దు గూకేదాకా దారివంక చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం కడుపునొప్పి అన్నాను. నాయన నమ్మలేదు. అవ్వ ఎదుట పంతం పట్టాడు కదా, నేను ఒక్కరోజు మానినా అవ్వ గెలిచినట్టే. "నేనొస్తా పద" అని వేటకు పోకుండా, చొక్కా తొడుక్కుని, నా పుస్తకాల సంచీ తనే భుజాన వేసుకుని బయల్దేరాడు. దారిపొడుగునా కబుర్లు చెబుతూనే ఉన్నాడు. రొయ్యలు ఇట్లాగే పడితే వచ్చే ఏటికి నాకు గడియారం కొనిస్తానన్నాడు. నేను ఆయన వెనక దాక్కుని నడుస్తున్నాను. అంత పెద్ద మనిషి ముందు నడుస్తుంటే ఎవరూ ఏమీ అనరని ధైర్యం చెప్పుకుంటున్నాను.

బడి గోడ దగ్గర మగపిల్లలు పది పన్నెండు మంది ఉన్నారు. నన్ను చూశారు. ఒకడు గోడెక్కి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయ్యా, అందురికీ దండాలు" అన్నాడు. అచ్చం మా నాయన గొంతు. "మా అమ్మణ్ణి పెద్దమనిసైనాది" అని మిగతావాళ్ళు అందుకున్నారు. ఒక్క మాట పొల్లుపోకుండా అంతా వచ్చు వాళ్ళకి.

మా నాయన ఆగి, నావైపు తిరిగి నవ్వాడు. "చూసినావా, మాటలన్నీ ఎట్ట గుర్తుపెట్టుకోనుండారో" అన్నాడు. నిజంగానే సంతోషంగా అన్నాడు. నేను భూమిలోకి కుంగిపోయాను. గోడ మీదవాడు "ఇంకొక తూరి చెప్తుండా, ఇనుకోండి" అని, తువ్వాలు ఓణీలా వేసుకుని, తల వంచి, మెలికలు తిరిగాడు. అందరూ విరగబడి నవ్వారు. వాళ్ళ నవ్వుకు మా నాయన కూడా ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత నా ముఖం చూశాడు. పెదాల మీది నవ్వును ఏం చెయ్యాలో తెలీనట్టు కాసేపు అట్లాగే ఉంచుకుని, తీసేశాడు. వాళ్ళను ఒక్కమాట అనలేదు. కొట్టగలడు, ఒక్క దెబ్బకు చాలరు వాళ్ళు. తన మాటలే కదా అవి, ఏమని కొడతాడు?

దగ్గరికి వచ్చి, ఎన్నడూ లేనంత మెల్లగా, "ఇంటికి పోదామా పాపా?" అన్నాడు.

పదమనలేదు, అడిగాడు. నేను వద్దు, లోపలికి పోతానంటే బడి వదిలేదాకా ఆ గోడ దగ్గరే నిలబడి ఉండేవాడని నాకు తెలుసు. "పోదాం నాయనా" అన్నాను. తిరిగొచ్చే దారిలో నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు తేలికైనట్టుంది. ఎదురైన వాళ్ళు బడి లేదా అని అడిగితే, "పాపకు ఒంట్లో బాగలేదు" అని తనే చెప్పుకొచ్చాడు.

ఇప్పుడు నేను రాస్తున్న తెలుగంతా తర్వాత వారపత్రికల సీరియళ్ళు చదివి నేర్చుకున్నది. ఎనిమిదో తరగతి మధ్యలో చదువు ఆగిందంటే ఈ కాలం పిల్లలు అయ్యో అంటారు, మీ వాళ్ళు మాన్పించారా అని అడుగుతారు. మాన్పించలేదు. మర్నాడు వేకువన మా నాయన తెడ్డు భుజాన వేసుకుని, నా మంచం దగ్గర ఆగి, "ఈరోజు పోతావా పాపా?" అన్నాడు. దుప్పటి ముసుగులోంచి పోనన్నాను. ఆ మర్నాడూ అడిగాడు. రోజూ వేటకు పోయేముందు అడిగేవాడు, నేను రోజూ పోననేదాన్ని. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు, బతిమాలలేదు, తనది తప్పనీ అనలేదు. ఆయన అడుగుల చప్పుడు దగ్గరికొస్తుంటే ఆ మాట అడక్కుండా పోతే బాగుండునని ఊపిరి బిగపట్టి పడుకునేదాన్ని.

ఒక వేకువన ఆయన నా మంచం దగ్గర ఆగి, కాసేపు నిలబడి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. బతికిపోయాననుకుని అటు తిరిగి పడుకుని, హాయిగా నిద్రపోయాను.